పెద్దబండ దగ్గర అల ఎవరిది

సోమవారం

ఈ ఉదయం నా సర్ఫింగ్ బోర్డు మీద, కాలు జారకుండా రాసిన మైనంలో ఒక చీమ ఇరుక్కుని ఉంది. బతికే ఉంది. ముందుకాళ్లు ఆడిస్తోంది. జడపిన్నుతో తీసి బాల్కనీ గోడ మీద వదిలాను. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఎండకి మైనం మెత్తబడింది. బోర్డు లోపల పెట్టాలి. పెట్టలేదు.

అన్నయ్య పళ్లు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కెప్టెన్ అడుగుతున్నాడు నీ గురించి."

"ఏమని?"

"ఎప్పుడొస్తుందీ అని. వచ్చి ఆ ఒక్క మాటా అనేస్తే అయిపోతుంది కదా."

నోటినిండా నురగ పెట్టుకుని నీతులు చెప్పే మనిషితో ఏం వాదిస్తాం? లోపలికి వచ్చేశాను. వెనకనుంచి ఇంకేదో అన్నాడు. పలకలేదని మళ్లీ వచ్చాడు. "పొగరు కాకపోతే ఏంటి?" అన్నాడు.

ఆ ఒక్క మాట 'సారీ'. నేను చెప్పాలట, మాకు బోర్డు మీద అలలెక్కడం నేర్పే కెప్టెన్‌కి.

జరిగింది జరిగినట్టు, కోపం లేకుండా రాస్తాను. స్కూల్లో గొడవైతే సిస్టర్ ఒక కాగితం ఇచ్చి అదే చెప్పేది. విశేషణాలు వద్దు, ఎవరు ఎక్కడ ఉన్నారో రాయి, అని.

అల పెద్దబండ దగ్గర లేస్తుంది. ఆ చోటునే అందరూ పాయింటు అంటారు. ఒడ్డుకేసి చూస్తూ కూర్చుంటే మన ఎడమచేతి వైపు బండ. అక్కణ్ణుంచి అల కుడివైపుకి, తలుపు నెమ్మదిగా మూసుకుంటున్నట్టు విరిగిపోతూ ఇసుక దాకా వెళ్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి భయంగా ఉంటుంది, ఆరితేరినవాళ్లకి ఆవలింత వస్తుంది. నాలాంటి మధ్యరకం మనుషులకోసమే ఉన్నట్టుంటుంది. అందుకే అంత జనం. అంత జనం ఉన్నా కొట్టుకోకుండా ఉండడానికి ఒకటే నియమం. బండకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది. మిగతావాళ్లు ఆగాలి. ఆగకుండా అడ్డం వస్తే ఆ రోజే, ఒడ్డున బోర్డులు పెట్టే షెడ్డు దగ్గర, అందరి ముందు సారీ చెప్పాలి. చెప్పేదాకా నీళ్లలోకి రాకూడదు. ఈ రెండో ముక్క కెప్టెన్ పెట్టిందే. మంచి నియమం. నాకు నియమాలంటే ఇష్టం.

గొడవ జరిగిన రోజు బండకి దగ్గరగా ఉన్నది నేను. అల నాది. బోర్డు మీద లేచి నిలబడ్డాను. కెప్టెన్ నా ముందు, కుడివైపు, అదే అల మీదికి అడ్డంగా దిగాడు. పక్కకి తప్పుకునే చోటు లేదు. ఆయన పడ్డాడు. ఆయన బోర్డు వెనక్కి ఎగిరి నాకు తగిలింది. ఎడమ కణత మీద కుట్లు పడ్డాయి.

ఒడ్డుకి వచ్చాక ఆయన అందరితో అన్నది: "అరవలేదు. వస్తున్నానని అరవకపోతే నాకెలా తెలుస్తుంది? అడ్డం వచ్చింది లైబ్రరీయే."

లైబ్రరీ అంటే నేను. నా పని లైబ్రరీలో కాబట్టి పాయింటు దగ్గర నన్ను అలాగే పిలుస్తారు.

విశేషణాలు వాడలేదు సిస్టర్. వాడితే కాగితం సరిపోదు.


మంగళవారం

నాకు కోపం లేదు.


బుధవారం

పనిలో పేజీలు ఊడిన అట్లాసు ఒకటి వచ్చింది. వెన్ను పూర్తిగా పోయింది. పాత జిగురు గీకి, దారాలు తీసి, కొత్త గుడ్డ అంటించి, బరువు పెట్టి వదిలెయ్యాలి. తొందరపడితే అట్ట వంకరపోతుంది. ఈ పనిలో నాకు నచ్చేది అదే. ఎవరూ మాట్లాడనక్కర్లేదు.

ఇవాళ జిగురు గిన్నె బోర్లించేశాను. బ్రష్షుతో గిన్నెని పొడుస్తూ ఉన్నానట. నాకు తెలియదు. మేడం వచ్చి చూసి, "అదేం పాపం చేసిందమ్మా?" అంది.

"ఏమీ లేదు మేడం."

"ఆ కణత మీద కట్టేంటి మరి? ఇంట్లో ఎవరైనా...?"

"సముద్రం మేడం."

మేడం నమ్మలేదు. సముద్రం కొట్టిందని చెప్పే ఆడవాళ్లని చాలామందిని చూసినట్టు తలూపింది. నా కుర్చీ కౌంటరుకి అటువైపుకి మార్చుకుంటానంటే వెంటనే ఒప్పుకుంది. గోడకి ఆనుకుని ఉంటుంది, ప్రశాంతంగా ఉంటుంది అని చెప్పాను.

అరవలేదు అంటాడు. మూడేళ్లు నేర్పాడు నాకు. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులు ఎలా వెయ్యాలో, ఎప్పుడు లేవాలో, పడితే తలని ఎలా కాపాడుకోవాలో అన్నీ నేర్పాడు. అరవడం ఒక్కటీ నేర్పలేదు. పైగా మొదటి రోజుల్లో అందరితో ఏమనేవాడు? "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి, గోల ఉండదు" అనేవాడు. గోల ఉండదు! నేను పొంగిపోయాను. ఇంటికొచ్చి ఈ డైరీలోనే రాసుకున్నాను. ఆ పేజీ చించేద్దామనుకున్నాను. పుస్తకం పేజీ చించడానికి చెయ్యి రాలేదు.


గురువారం

ఆయన ఇంటికి వచ్చాడు.

కమలాపళ్లు తెచ్చాడు. చెప్పులు బయట విడిచాడు, అదీ ఒకదాని పక్కన ఒకటి నీటుగా. అమ్మ కుట్టుమిషను మీదనుంచి లేచింది. మెడలో టేపు అలాగే ఉంది. అన్నయ్య కుర్చీ తుడిచాడు. మా అన్నయ్య కుర్చీ తుడవడం నేను పుట్టాక ఇదే చూడడం.

అన్నయ్యకి షెడ్డులో సగం పని. బోర్డులు బాగుచెయ్యడం వాడిది, నేర్పడం ఆయనది. ఇది నేను మర్చిపోకూడదు, న్యాయంగా ఉండాలి. ఉంటాను. కుర్చీ తుడిచాడు.

"దెబ్బ ఎలా ఉందమ్మా?" అన్నాడు కెప్టెన్.

"తగ్గింది."

"నువ్వు నా చెల్లెల్లాంటిదానివి. నీ మంచికే చెప్తున్నా. పాయింటు దగ్గర అందరికీ ఒకటే రూలు. నీకోసం మారిస్తే రేపు ఇంకొకడు అడుగుతాడు. అంతేనా కాదా?"

అమ్మ అంది, "అంతే బాబూ. దీనికి చిన్నప్పట్నుంచీ నోట్లో మాట నోట్లోనే. బళ్లో సైలెన్స్ అని బ్యాడ్జీ కూడా ఇచ్చారు. మునగడానికి ఇక్కడ బకెట్లో నీళ్లు లేవా, అంత దూరం పోవాలా అని నేను మొత్తుకుంటూనే ఉన్నా."

అందరూ నవ్వారు. కెప్టెన్ ఎక్కువ నవ్వాడు.

"అదేనండీ. నీళ్లలో బ్యాడ్జీలు పనిచెయ్యవు. అరవాలి. అరవనివాళ్లకి అల ఉండదు."

నా గొంతులో మాట సిద్ధంగా ఉంది. 'అల నాది. బండ దగ్గర ఉన్నది నేను. మీరు నన్ను చూశారు.' చూశాడు. దిగే ముందు తల తిప్పి నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పుస్తకం రిజర్వు చేసి ఉందని తెలిసీ చేతిలో పట్టుకుని కౌంటరు దగ్గరకి వచ్చేవాళ్లది. 'ఈ పిల్ల ఏమంటుందిలే' అన్న చూపు.

నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది:

"టీలో చక్కెర సరిపోయిందా?"

"అమృతం," అన్నాడు కెప్టెన్.

కమలాపళ్లు నేను తినను. అమ్మ వొలిచి పెట్టింది. ఒకటి తిన్నాను. తియ్యగా ఉంది. అది కూడా నాకు మంటే.


శుక్రవారం

మెట్ల మీద, బస్సులో, స్నానాలగదిలో, అట్లాసుకి దారం కుడుతూ, ఆయనకి జవాబు చెప్తూనే ఉన్నాను. చాలా బాగా చెప్తున్నాను. ఒక్కోసారి ఆయన ఏడుస్తాడు కూడా.


శనివారం

కుట్లు తీశారు. క్లినిక్‌లో డాక్టరు తల తిరుగుతోందా, వాంతులయ్యాయా, చూపు మసకగా ఉందా అని వరసగా అడిగాడు. లేదు, లేదు, లేదు. ఇంకేమైనా ఇబ్బందా అన్నాడు. లేదన్నాను. ఇబ్బంది ఉందంటే ఇంట్లో బోర్డు అమ్మేస్తారు. నాకు ఇబ్బంది లేదు.

బయటికి వస్తుంటే పంటి డాక్టరమ్మ ఎదురైంది. ఆవిడ క్లినిక్ పక్క వీధిలోనే. అమ్మకంటే పెద్దది. పెద్ద పొడుగు బోర్డు మీద కూర్చుని, అందరికంటే తక్కువ కష్టపడి అందరికంటే ఎక్కువ అలలు పడుతుంది. ఆ రోజు నీళ్లలో నా వెనకే ఉంది.

నా మొహం ఎత్తి పట్టుకుని మచ్చ చూసింది, పన్ను చూసినట్టు.

"బాగానే కుట్టాడు. ఏం, రావడం మానేశావా?"

"సారీ చెప్పాలట."

"నువ్వా? అల నీదే కదా. నేను చూశానుగా."

రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. స్కూటరతను తిట్టుకుంటూ పోయాడు.

"చూశారా?"

"చూడకేం. నువ్వు బండని ఆనుకునే ఉన్నావు. వాడు కావాలనే దిగాడు. వాడి అలవాటది."

"మరి ఆ రోజు చెప్పలేదేం ఆంటీ?"

ఆవిడ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "చూడు తల్లీ. నేను వెళ్లేది వారానికి ఒక్కసారి. వాడితో గొడవ పెట్టుకుంటే నాకు అలొస్తుందా అక్కడ? నీకూ అదే చెప్తున్నా. చిన్న మాట. అనేసి లోపలికి రా. సముద్రం ముఖ్యమా, మాట ముఖ్యమా?"

తల నిమిరి వెళ్లిపోయింది.

కెప్టెన్ అబద్ధం చెప్పాడు. సరే. ఈవిడ నిజం చెప్పింది, నాకు ఒక్కదానికే, మందుల షాపు ముందు. ఆ నిజాన్ని ఏం చేసుకోను? ఇవాళ ఆయన మీదకంటే ఆవిడ మీదే కోపంగా ఉంది. ఉందని రాశాను. సరే, ఉంది.


ఆదివారం

చూడ్డానికి మాత్రమే వెళ్లాను. బోర్డు తీసుకెళ్లలేదు. కొండ అంచున సిమెంటు బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ చదవలేదు.

పైనుంచి చూస్తే అన్నీ తెలుస్తాయి. నీళ్లలో ఉన్నప్పుడు మన పక్కన ఉన్న రెండు తలకాయలే కనిపిస్తాయి. పైనుంచి వరస మొత్తం కనిపిస్తుంది. ప్రవాహం అందరినీ కుడివైపుకి నెడుతూ ఉంటుంది. బండ దగ్గర ఉండాలంటే ఆగకుండా చేతులు వెయ్యాలి. అందరూ వేస్తున్నారు, పాపం. కెప్టెన్ వెయ్యడు. మధ్యలో కూర్చుని కబుర్లు చెప్తాడు. దూరాన అల లేవగానే, దానికోసం అంతసేపు ఆగినవాడు వీపు తిప్పి చేతులు వెయ్యడం మొదలుపెట్టగానే, వాడి వెనకనుంచి చుట్టుతిరిగి బండ వైపుకి వెళ్తాడు. అక్కడికి చేరి "వస్తున్నా!" అని అరుస్తాడు. ఆ కేక కొండమీదికి కూడా వినిపించింది. వాడు తల తిప్పి చూస్తే బండకి దగ్గర కెప్టెన్. నియమం ప్రకారం అల కెప్టెన్‌ది. వాడు ఆగిపోతాడు. పైగా, "సారీ కెప్టెన్" అంటాడు.

ప్రతిసారీ ఇదే. మూడేళ్లు నేనూ ఆ సారీలు చెప్పాను. ఎన్ని చెప్పానో! సంతోషంగా చెప్పాను. నేను ఇంకా నేర్చుకోలేదు కాబోలు, నాకు దూరం అంచనా వెయ్యడం రాదు కాబోలు అనుకున్నాను.

నా మీద ఆయనకి వచ్చిన కోపం ఏంటో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు చుట్టుతిరగడానికి చోటు దొరకలేదు. నేను బండని అంత ఆనుకుని కూర్చున్నాను. అందుకని ముందునుంచి దిగాడు.

నియమం పెట్టినవాడే. నియమం పెట్టినవాడే. నియమం పెట్టినవాడే.


సోమవారం

అన్నయ్యతో గొడవ. రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

భోజనాల దగ్గర వాడు మహా తేలిగ్గా అన్నాడు, "రేపట్నుంచి నువ్వు రావచ్చు. నేను మాట్లాడేశా."

"ఏం మాట్లాడావు?"

"మాట్లాడానులే."

"ఏం మాట్లాడావన్నయ్యా?"

వాడు మంచినీళ్లు తాగాడు. గ్లాసు పెట్టాడు. మళ్లీ తాగాడు. ఖాళీ గ్లాసు.

"మా చెల్లెలి తరఫున సారీ అన్నా. నిన్న సాయంత్రం, షెడ్డు దగ్గర, అందరి ముందు. చప్పట్లు కూడా కొట్టారు. అయిపోయింది. నీకు నోరు తెరిచే శ్రమ కూడా లేకుండా చేశా."

"నా సారీ నువ్వెలా చెప్తావు?"

"అబ్బా! ఎవరు చెప్తే ఏంటే? పని అయిందా లేదా?"

"తప్పు ఎవరిది?"

"మళ్లీ మొదలెట్టకు."

"నువ్వు ఆ రోజు ఒడ్డునే ఉన్నావు. బోర్డు ఆరబెడుతున్నావు. నీకు బండ కనిపిస్తూనే ఉంది. తప్పు ఎవరిది?"

అమ్మ, "తినేటప్పుడు ఏంటర్రా," అంది.

వాడు గొంతు తగ్గించాడు. "చూడు. రేపు పొద్దున ఆయన, నీ బోర్డుల పని నాకొద్దు అంటే నేనెక్కడికి పోవాలి? నీకు లైబ్రరీ ఉంది. నాకేముంది?"

అప్పుడు నేను అరిచాను. ఇంట్లో. పుట్టిన తర్వాత మొదటిసారి అనుకుంటాను. ఏం అరిచానో సరిగ్గా గుర్తులేదు. "సముద్రం ఆయన తాత రాసిచ్చాడా?" అన్నది మాత్రం గుర్తుంది. పక్కింట్లో టీవీ ఆగింది. అమ్మ కంచం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇదే అక్కడ అరిచుంటే సరిపోయేది కదే," అన్నాడు అన్నయ్య. నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. వాడు కూడా.

నేను వచ్చి గదిలో కూర్చున్నాను. వాడికి తప్పు ఎవరిదో తెలుసు. మొదట్నుంచీ తెలుసు.


మంగళవారం

అట్లాసు అయిపోయింది. వెన్ను గట్టిగా వచ్చింది. తెరిస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంటోంది. మేడం మెచ్చుకుంది. రేపు సెలవు అడిగాను. ఎందుకని అడిగితే నిజం చెప్పాను. "దెబ్బ తగిలిన చోటికేనా?" అంది.

"అక్కడికే మేడం."

"వెళ్లు మరి," అంది.


బుధవారం

వెళ్లాను.

అమ్మకి చెప్పే వెళ్లాను. "తలకి ఏదైనా కట్టుకోవే," అంది. అంతే.

అలలు శుభ్రంగా ఉన్నాయి. నడుమెత్తు, అప్పుడప్పుడు ఛాతీ ఎత్తు. గాలి లేదు. ఒడ్డున చదునుబండ మీద నిలబడి, పెద్ద అలలు పోయేదాకా ఆగి, మధ్యలో ఖాళీ రాగానే బోర్డుతో దూకాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మచ్చ చురుక్కుమంది.

నన్ను చూసి రెండు మూడు తలకాయలు తిరిగాయి. "లైబ్రరీ వచ్చిందిరోయ్, సైలెన్స్!" అని ఎవరో అన్నారు. నవ్వులు. పంటి డాక్టరమ్మ చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. కెప్టెన్ మధ్యలో కూర్చుని, "రామ్మా రా, మీ అన్నయ్య చెప్పాడులే," అన్నాడు, పెద్దమనిషిలాగా.

బండ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ప్రవాహం నెడుతూనే ఉంది, చేతులు వేస్తూనే ఉన్నాను. నాకంటే ముందు వచ్చినవాళ్లు ముగ్గురు. వాళ్ల అలలు వాళ్లు పట్టారు. నేను ఆగాను. నా వంతు వచ్చింది. మొదటి అల చిన్నది, వదిలేశాను. రెండోది వెనక లేస్తూ కనిపించింది. మంచిది. పొడుగాటిది.

బోర్డు ఒడ్డు వైపు తిప్పాను. ఎడమవైపు చూశాను. నాకూ బండకీ మధ్య ఎవరూ లేరు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాను. తల తిప్పి చేతులు వెయ్యడం మొదలుపెట్టాను. ఇక చూడలేదు. అల నా కాళ్లని ఎత్తింది. లేచాను. కుడివైపుకి అల గోడ మొత్తం తెరుచుకుని ఉంది. గీత లేదు, మడత లేదు, మనిషి లేడు.

ఇసుక దాకా వెళ్లాను. మూడేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. చివర్లో మోకాళ్ల లోతులో దిగి నిలబడ్డాను. సంతోషం అని రాయాలి. కాదు. పళ్లు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

వెనక్కి తిరిగి చూస్తే బండ దగ్గర గోలగా ఉంది. కెప్టెన్ బోర్డు ఒకచోట తేలుతోంది, కెప్టెన్ ఒకచోట. నేను ఆగుతాననుకుని దిగి పడ్డట్టున్నాడు, బోర్డుని కాలికి కట్టే తాడు తెగింది. ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి మోచెయ్యి గీసుకుపోయి ఉంది. వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నీళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. అన్నయ్య షెడ్డులోంచి చేతినిండా బోర్డులకి పూసే రెసిన్‌తో పరిగెత్తుకొచ్చాడు.

"అరిచాను నేను!" అన్నాడు కెప్టెన్. "బండ దగ్గర ఉన్నాను. గొంతు చించుకుని అరిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నీకు వినపడలేదా?"

"లేదు," అన్నాను.

ఎవరో ఈల వేశారు. పొడుగాయన ఒకడు, "అందరికీ వినపడింది కెప్టెన్, ఆవిడకే వినపడలేదు," అని పగలబడి నవ్వాడు. నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. అప్పుడు పంటి డాక్టరమ్మ, ఇసుకలో బోర్డు గుచ్చి, అందరికీ వినిపించేలా అంది, "ఆ అమ్మాయి చేతులు వెయ్యడం మొదలుపెట్టాక నువ్వు చుట్టుతిరిగి వచ్చావు నాయనా. ఇవాళా నేను చూశాను. ఆ రోజూ నేనే చూశాను. ఆ రోజు కూడా అల దానిదే."

నవ్వులు ఆగాయి. కెప్టెన్ మా అన్నయ్య వైపు చూశాడు. వాడు ఏమైనా అంటాడేమోనని. అన్నయ్య తన చేతులు చూసుకుంటూ, "నేనూ చూశా," అన్నాడు. చాలా మెల్లగా. కానీ అన్నాడు.

కెప్టెన్ తెగిన తాడు చుట్టుకుని, చెప్పులు వేసుకోకుండా వెళ్లిపోయాడు. సారీ చెప్పలేదు. రేపు షెడ్డు తాళం అన్నయ్యకి ఇస్తాడో ఇవ్వడో తెలియదు.

ఇంటికొచ్చాక అన్నయ్య అమ్మకి నటించి మరీ చూపించాడు. కెప్టెన్ ఎలా అరిచాడో, నేను ఎలా తల కూడా తిప్పలేదో. "లెక్కే చెయ్యలేదమ్మా! వెనక పులి అరుస్తున్నా మహారాణిలాగా వెళ్లిపోయింది. ఇంత పొగరు ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?" అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పాయింటు దగ్గర అందరూ అదే అనుకుంటున్నారట. కావాలనే విననట్టు నటించానని. దెబ్బకి దెబ్బ తీశానని. రేపట్నుంచి నా వెనకనుంచి చుట్టుతిరిగే ధైర్యం ఎవరికీ ఉండదట.

అనుకోనీ. నేను కాదనలేదు.

మూడుసార్లు అరిచాడట. ఆయన ఉన్నది నా ఎడమవైపు. కుడి చెవి నిండా అల హోరే. ఆ బోర్డు తగిలిన రోజునుంచి నాకు ఎడమ చెవి వినపడడం లేదు.